గిటారులోని కర్ర ఏ చెట్టుది?

సంగీతం వినేటప్పుడు గాయకుని తలచుకుంటాం, వాద్యకారుని మెచ్చుకుంటాం. వాద్యాన్ని చేసిన శిల్పిని తలచేవారు కొద్దిమంది. ఆ శిల్పి చేతికి వచ్చిన కర్ర ఏ అడవిలో ఏ చెట్టుగా నిలిచి ఉండేదో ఆలోచించేవారు మరీ అరుదు. మన పల్లెల్లో ఈ ఉపేక్ష వల్ల పెద్ద నష్టం కలుగలేదు. విజయనగరం జిల్లాలో బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో వీణలు చేసేవారు పనసమానును ఎంచుకుంటారు. మృదంగానికి కూడ పనసే శ్రేష్ఠమని ప్రసిద్ధి. పనస మన పెరటి చెట్టు. దాని ఆకు తెలుసు, కాయ తెలుసు, కోసినప్పుడు కనిపించే పసుపు ఛాయ తెలుసు. కర్రను చూసి చెట్టును చెప్పడం, చెట్టును చూసి కర్రను ఎంచడం అక్కడ ఒకే విద్య.

కాని కర్ర సముద్రాలు దాటి ప్రయాణం సాగించినప్పుడు చెట్టు వెనుకనే ఉండిపోతుంది. ఆకు రాదు, పువ్వు రాదు, కాయ రాదు. పలకగా కోసిన ఒక ముక్కా, దానితోపాటు ఒక పేరూ మాత్రమే వస్తాయి. ఆ పేరు నిజమా, అబద్ధమా అన్న ప్రశ్న ఈ 50 సంవత్సరాలలో వాద్యాల వ్యాపారాన్ని, అడవుల రక్షణను, న్యాయస్థానాలను కూడ కదిలించినది. ఆ ప్రశ్న అన్నిటికంటె తీవ్రంగా తలెత్తినది ఎలెక్ట్రిక్ గిటారు విషయంలో. ఆ కథలో మన దక్షిణాది అడవులకు కూడ పాత్ర ఉన్నది. కనుక ఉపాధ్యాయులూ విద్యార్థులూ దీనిని తెలుసుకోవడం ఉచితం.

నాలుగు ఖండాల కర్ర

పాత గిటారు బోలుగా ఉన్న పెట్టె. తీగ కదలికకు ఆ పెట్టెలోని గాలి, పైనున్న పలుచని పలక స్పందించి నాదాన్ని పెంచుతాయి. ఎలెక్ట్రిక్ గిటారు పద్ధతి వేరు. దాని శరీరం సాధారణంగా గట్టి దిమ్మ. ఉక్కుతీగల క్రింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టలు ఉంటాయి. తీగ కంపించినప్పుడు ఆ చుట్టలలో విద్యుత్తు పుడుతుంది. యంత్రం దానిని పెద్ద ధ్వనిగా మారుస్తుంది. ఆ అయస్కాంతపు అమరికకే పికప్ అని పేరు. అమెరికాలో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ అనే గిటారును 1952లో, ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ అనే గిటారును 1954లో విపణికి తెచ్చినవి. ఈ వాద్యానికి ఈనాటికీ అవే ఆదర్శరూపాలు.

ఈ గిటార్ల దేహానికి ఆష్, ఆల్డర్, మేపుల్ వంటి అమెరికా చెట్లు కొంతవరకు సరిపోయినవి. మిగిలినదంతా పరదేశాల నుంచి వచ్చినదే. లెస్ పాల్ దేహానికీ మెడకూ మధ్య అమెరికా మహాగని. మెడమీద వేళ్లు ఆడే పలకకు బ్రెజిల్ రోజ్‌వుడ్. మరింత ఖరీదైన వాటికి ఆఫ్రికా, ఆసియా ఖండాల ఎబొనీ. 1958లో గిబ్సన్ కంపెనీ ఫ్లయింగ్ వీ అనే విచిత్రాకారపు గిటారును కొరినా అనే కర్రతో చేసినది. అది పశ్చిమాఫ్రికాలో పెరిగే లింబా అనే చెట్టు. వృక్షశాస్త్రం ప్రకారం అది మన తెల్లమద్ది, కరక్కాయ, తానికాయ చెట్లున్న ప్రజాతికి చెందినదే. ఇట్లు ఒక్క వాద్యంలో రెండు మూడు ఖండాల అడవులు చేరినవి.

విద్యుత్తుతో ధ్వనించే వాద్యానికి ఇంత అరుదైన కర్ర అవసరమా అని పాఠకులు అడగవచ్చును. కర్ర స్వభావం ఆ నాదాన్ని ఎంతవరకు మారుస్తుందన్న విషయంలో వాద్యనిర్మాతల మధ్య వివాదం నేటికీ తెగలేదు. అయితే వేళ్లు ఆడే పలక సంగతి వేరు. అది గట్టిగా ఉండాలి, ఉక్కుతీగల రాపిడికి అరగకూడదు, చేతి చెమటకు చెడకూడదు. రోజ్‌వుడ్, ఎబొనీ ఈ గుణాలు గల కర్రలు. రోజ్‌వుడ్‌లో సహజంగా నూనెగుణం ఉండడం చేత పైపూత లేకుండానే వాడవచ్చును. వీటికి తోడు అందం, అలవాటు, ప్రతిష్ఠ. 1958–60 మధ్య తయారైన లెస్ పాల్ గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లకు చేతులు మారుతున్నవి. అట్టి వాద్యంలో పలక ఏ చెట్టుదన్నది ధరను నిర్ణయించే అంశాలలో ఒకటి. ధర ఉన్న చోట అనుకరణ తప్పదు. కొత్త గిటారుకు పాతదనం అద్దేవారు, ఒక చెట్టు కర్రను మరొక చెట్టు పేరుతో అమ్మేవారు బయలుదేరినారు.

చట్టం వచ్చిన విధం

బ్రెజిల్ రోజ్‌వుడ్ ఆ దేశపు తూర్పు తీరాన ఉన్న అట్లాంటిక్ అరణ్యంలో పెరిగే చెట్టు. శతాబ్దాల తరబడి యూరపు ధనికుల ఇండ్లకు బల్లలూ బీరువాలూ చేయడానికి దానిని నరికినారు. ఆ అరణ్యంలో చాల భాగం పంటపొలాలుగా, పట్టణాలుగా మారిపోయినది. 1960ల చివరలో బ్రెజిల్ ప్రభుత్వం దుంగల ఎగుమతిని నిరోధించినది. అప్పటినుంచి గిటారు నిర్మాతలు మన దేశపు రోజ్‌వుడ్ వైపు చూపు తిప్పినారు. పెట్టె గిటార్లకు పేరుపొందిన మార్టిన్ కంపెనీ 1969లో ఈ మార్పు చేసినది.

అంతర్జాతీయంగా వన్యజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒడంబడిక 1973లో వాషింగ్టన్ నగరంలో కుదిరి 1975లో అమలులోకి వచ్చినది. దీనిని సంక్షిప్తంగా సైటీస్ అంటారు. 1976లో భారతదేశం అందులో చేరినది. ఈ ఒడంబడికకు మూడు అనుబంధాలు ఉన్నవి. మొదటి దానిలో చేరిన జాతులతో అంతర్జాతీయ వ్యాపారం దాదాపు నిషిద్ధం. రెండవ దానిలోని జాతులతో వ్యాపారం అనుమతి పత్రాలతో సాగవచ్చును. ఏదో ఒక దేశం సహాయం కోరగా చేర్చినవి మూడవ దానిలో ఉంటాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లో మొదటి అనుబంధంలో చేరినది. మధ్య, దక్షిణ అమెరికాల పెద్దాకు మహాగని 2003 నుంచి రెండవ అనుబంధంలో ఉన్నది.

ఒక్క చెట్టును నిషేధిస్తే వ్యాపారం దాని దాయాదుల మీద పడుతుంది. రోజ్‌వుడ్ విషయంలో అదే జరిగినది. మడగాస్కర్, మధ్య అమెరికా, ఆగ్నేయాసియా అడవుల్లో గొడ్డలి దెబ్బలు పెరిగినవి. ప్రధానంగా చైనాలో ఖరీదైన గృహోపకరణాల గిరాకీ దీనికి కారణం. గిటార్లకు పోయినది అందులో చిన్న భాగమే. చివరకు డాల్బెర్జియా అనే ఆ ప్రజాతి మొత్తాన్ని, అంటే 250కి పైగా జాతులను, 2017 జనవరి 2వ తేదీ నుంచి రెండవ అనుబంధంలో చేర్చినారు. మన ఇరుగుడు చెట్టు కూడ వాటిలో ఒకటి. వాద్యాలు కొనేవారు, అమ్మేవారు, మరమ్మతుకు పంపేవారు పత్రాల కోసం పరుగులు తీయవలసి వచ్చినది. ఆ ఇబ్బందిని గమనించి, తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చినారు. అయితే బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు వర్తించదు. ఒక గిటారులోని పలక ఇండియన్ రోజ్‌వుడ్ అయితే దానికి దారి సుగమం. బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే అడుగడుగునా పత్రం కావలె. చూడడానికి రెండూ ఊదాగోధుమ రంగులో చారలున్న పలకలే. ఇక్కడ గుర్తింపు విద్య అవసరం ఎంతటిదో పాఠకులకు విదితమే.

పేర్ల చిక్కు

తెలుగు బోధించేవానికి ఈ కథలో అన్నిటికంటె ఆసక్తి కలిగించేది పేర్ల సంగతి. రోజ్‌వుడ్ అనే పేరుకు గులాబి చెట్టుతో ఏ సంబంధమూ లేదు. అప్పుడే కోసిన కొన్ని రకాల కర్రకు గులాబిని తలపించే సువాసన ఉండడం వల్ల ఆ పేరు వచ్చినది. తరువాత వర్తకులు ఎరుపూ ఊదా చారలున్న ప్రతి కర్రకూ ఆ పేరే పెట్టినారు. ఆఫ్రికా రోజ్‌వుడ్ అని అమ్మేది తరచు బుబింగా అనే వేరొక ప్రజాతి. బొలీవియా రోజ్‌వుడ్ అనేది పావ్ ఫెర్రో అనే మరొక చెట్టు. 2017 నాటి నిబంధనల తరువాత కొందరు గిటారు నిర్మాతలు రోజ్‌వుడ్ బదులు దీనిని వాడసాగినారు. వర్తకుని పట్టీలో ఇవన్నీ ఒకే ఇంటి పేరు గల అన్నదమ్ములు. వృక్షశాస్త్రంలో వేరు వేరు ప్రజాతులు.

మన భాషలో కూడ ఇట్టి ఉదాహరణలు లేకపోలేదు. శ్రీగంధం, ఎర్రచందనం రెండూ చందనాలే అనుకుంటాం. మొదటిది ఇతర మొక్కల వేళ్ల నుంచి కొంత ఆహారం గ్రహించే చిన్న చెట్టు. సుగంధ తైలానికి ప్రసిద్ధం. రెండవది కంది, పెసర, చిక్కుడు చేరిన కుటుంబంలోని చెట్టు. దానిలో చెప్పుకోదగిన సువాసన లేదు, రంగు మాత్రం ఉన్నది. రెండింటికీ బంధుత్వం పేరులోనే. అదే విధంగా ఒకే చెట్టుకు పలు పేర్లు ఉండడం కూడ పరిపాటి. ఇండియన్ రోజ్‌వుడ్‌ను మనవారు కొన్ని చోట్ల ఇరుగుడు అని, కొన్ని చోట్ల జిట్టేగి అని పిలుస్తారు. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు ఎబొనీ ప్రజాతికే చెందినదని చాల మందికి తెలియదు.

అందుచేతనే శాస్త్రజ్ఞులు ప్రతి జాతికీ లాటిను భాషలో రెండు పదాల పేరు నిర్ణయించినారు. చట్టం కూడ ఆ పేరునే అడుగుతుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ డాల్బెర్జియా నైగ్రా; మన ఇరుగుడు డాల్బెర్జియా లాటిఫోలియా. కాని కర్రముక్క మీద ఆ పేరు వ్రాసి ఉండదు. దానిని చదవడానికి వేరే లిపి నేర్చుకోవలె.

కర్రలోని లిపి

రంగును నమ్మరాదన్నది మొదటి పాఠం. ఎండ తగిలితే కొన్ని కర్రలు నల్లబడతాయి, కొన్ని వెలిసిపోతాయి. రంగు అద్దడం, నూనె పట్టించడం సులభం. నల్లరంగు వేసిన మరొక కర్రను ఎబొనీగా చూపడం పాత విద్యయే. బరువు, వాసన కొంత సహాయపడతాయి కాని సాక్ష్యానికి చాలవు.

నమ్మదగిన సాక్ష్యం అడ్డకోతలో ఉంటుంది. చెట్టు మ్రానును అడ్డంగా కోసినప్పుడు కనబడే ముఖం అది. పదునైన బ్లేడుతో ఒక చిన్న చోట నున్నగా చెక్కి, కొంచెం తడిచేసి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడవలె. మూడు విశేషాలు కనబడతాయి. వేళ్ల నుంచి ఆకులకు నీటిని మోసిన నాళాలు చిన్న చిన్న రంధ్రాలుగా కనబడతాయి. మ్రాను నడిమి నుంచి బెరడు వైపు పోయే సన్నని గీతలు కిరణాలు. ఆహారం నిలువ ఉంచిన మెత్తని కణాలు లేతరంగు పట్టీలుగానో, నాళాల చుట్టూ వలయాలుగానో ఉంటాయి. నాళాల పరిమాణం, సంఖ్య, వరుస, కిరణాల మందం, పట్టీల తీరు కలిసి ఒక ప్రజాతికి ముఖచిత్రం అవుతాయి.

కొన్ని ఉదాహరణలు చూతము. టేకులో సంవత్సరారంభంలో ఏర్పడిన పెద్ద నాళాలు ఒక వలయంగా బారులు తీరుతాయి; తరువాతివి చిన్నవి. ఇది కంటికే కనబడుతుంది. ఎబొనీలో నాళాలు అతి సూక్ష్మం, రోజ్‌వుడ్‌లో పెద్దవి. కనుక నల్లరంగు వేసిన రోజ్‌వుడ్‌ను భూతద్దం వెంటనే పట్టి ఇస్తుంది. అసలు మహాగనిలో ఒక పెరుగుదల ముగిసిన చోట మెత్తని కణాల సన్నని గీత స్పష్టంగా ఉంటుంది. ఆఫ్రికా మహాగని అని అమ్మే ఖయా కర్రలో అట్టి గీత సాధారణంగా ఉండదు. ఆ ఖయాను కూడ 2022లో పనామాలో జరిగిన సమావేశం రెండవ అనుబంధంలో చేర్చినది. రోజ్‌వుడ్ ప్రజాతిలో మరొక గుర్తు ఉన్నది. పలక ముఖం మీద వెలుతురు ఏటవాలుగా పడునట్లు పట్టి చూస్తే అతి సన్నని అలలవంటి అడ్డగీతలు వరుసగా కనబడతాయి. కిరణాలు అంతస్తులుగా పేర్చినట్లు ఉండడం దీనికి కారణం.

గిటారును కోసి చూడడం ఎవరూ ఒప్పుకోరు. అయినా ఆ వాద్యంలో అడ్డకోత తనంతట తానే కనబడే చోట్లు కొన్ని ఉన్నవి. వేళ్లాడే పలక దేహం వైపు ముగిసే అంచు అట్టిది. మెడను దేహానికి మరలతో బిగించిన గిటార్లలో ఆ మరలు విప్పితే మరికొంత కనబడుతుంది. పికప్‌లను అమర్చడానికి తొలిచిన గుంటలలో పూత కప్పని కర్ర కొన్నిసార్లు దొరుకుతుంది. అనుభవం గల పరీక్షకుడు మొదట ఆ చోట్లనే వెదకుతాడు.

కర్ర నీటితో చెప్పే సాక్ష్యం కూడ ఉన్నది. మన అడవుల్లోని వేగిస చెక్కతో చేసిన లోటాలో నీరు నిలువ ఉంచి, మధుమేహానికి మంచిదని త్రాగేవారు మనలో ఉన్నారు. ఆ వైద్యం సంగతి ఎట్లున్నా, ఆ నీటిని వెలుతురులో పట్టి చూస్తే నీలపు మెరుపు కనబడుతుంది. కర్రలోని కొన్ని పదార్థాలు వెలుతురును గ్రహించి మరొక రంగులో తిరిగి ఇవ్వడమే దానికి హేతువు. ఇట్టి మెరుపును కర్రల గుర్తింపులో శాస్త్రజ్ఞులు ఒక ఆధారంగా వాడుతారు.

భూతద్దానికి అందని హద్దు

ఈ విద్యకు ఒక హద్దు ఉన్నది. భూతద్దం సాధారణంగా ప్రజాతి వరకే తీసుకొని పోగలదు. జాతిని నిశ్చయంగా చెప్పడం కష్టం. ఒకే విస్తీర్ణంలో లెక్కిస్తే బ్రెజిల్ రోజ్‌వుడ్‌లో నాళాల సంఖ్య మన ఇరుగుడులో కన్న సాధారణంగా తక్కువ. అనుభవజ్ఞునికి ఇది మంచి సూచనయే. అయితే న్యాయస్థానానికి సూచన చాలదు, నిశ్చయం కావలె.

ఆ నిశ్చయం కోసం రసాయన పరీక్ష వచ్చినది. ఒక్క సన్నని చీలికను వేడి వాయుప్రవాహంలో ఉంచితే దానిలోని అణువులు విడివడి యంత్రంలోనికి పోతాయి. యంత్రం ఆ అణువుల బరువులను పట్టీగా వ్రాస్తుంది. ప్రతి జాతికీ ఆ పట్టీ వేరు. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఆష్‌లాండ్ పట్టణాన వన్యప్రాణి నేరపరిశోధన కోసం ఉన్న ప్రభుత్వ ప్రయోగశాల ఈ పద్ధతిని రోజ్‌వుడ్ జాతుల మీద ప్రయోగించి చూపినది. కాని పోల్చి చూడడానికి నిజమైన నమూనాలు ఉండవలె. అందుకే దేశదేశాలలో దారు సంగ్రహాలయాలు ఏర్పడినవి. మన దేశంలో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలోను, బెంగుళూరులోని దారు విజ్ఞాన సంస్థలోను అట్టి సంగ్రహాలు ఉన్నవి. పియర్సన్, బ్రౌన్ అనే పండితులు భారతదేశపు వ్యాపార కలపలను గురించి రెండు సంపుటాలు 1932లో ప్రకటించినారు. ఆ కృషి పునాది మీదనే ఇప్పటి పరీక్షలు నిలిచి ఉన్నవి.

మరొక చిక్కు కూడ ఉన్నది. పెద్దాకు మహాగని మధ్య అమెరికాలో పుట్టి మన తోటల్లో కూడ పెరుగుతున్నది. అక్కడి చెట్టుకు సైటీస్ నిబంధన ఉన్నది. ఇక్కడ నాటి పెంచిన దానికి ఆ నిబంధన వర్తించదు. జాతి ఒక్కటే కనుక భూతద్దంలో రెండూ ఒక్కటే. పుట్టినచోటు చెప్పాలంటే నేల నుంచి, నీటి నుంచి కర్రలో చేరిన మూలకాల పాళ్లను పరీక్షించవలె.

పలకా, వాద్యభాగమా?

2008లో అమెరికా తన లేసీ చట్టాన్ని సవరించి, పరదేశపు చట్టాన్ని ఉల్లంఘించి తెచ్చిన కర్రను కొనడం, అమ్మడం నేరం చేసినది. 2009 నవంబరులో నాష్‌విల్ నగరంలోని గిబ్సన్ కర్మాగారాన్ని ప్రభుత్వాధికారులు సోదా చేసి మడగాస్కర్ ఎబొనీని పట్టుకున్నారు. 2011 ఆగస్టులో రెండవ సోదాలో పట్టుకున్నది మన దేశం నుంచి వెళ్లిన ఎబొనీ, రోజ్‌వుడ్.

ఇండియా కర్ర విషయంలో జాతిని గురించిన సందేహం లేదు. సందేహం వస్తువు పేరులో ఉన్నది. మన ఎగుమతి నిబంధనలు 6 మిల్లీమీటర్లకు మించిన మందంతో కోసిన కర్రను పంపడాన్ని నిరోధిస్తున్నవి. తయారైన వస్తువును నిరోధించవు. వేళ్లాడే పలక కోసం కోసి, మెట్లు ఇంకా బిగించని ముక్క కోసిన కర్రయా? తయారైన వాద్యభాగమా? కొన్ని పత్రాలలో దానిని ఒక విధంగా, మరి కొన్నిటిలో మరొక విధంగా వ్రాసినారు. 2012 ఆగస్టులో రాజీ కుదిరినది. మడగాస్కర్ ఎబొనీ విషయంలో గిబ్సన్ కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా, వన్యసంరక్షణ నిధికి 50 వేల డాలర్లు ఇచ్చి, పట్టుబడిన ఆ కర్ర మీద హక్కు వదలుకున్నది. ఇండియా కర్ర విషయంలో మన నిబంధనల అర్థం అస్పష్టంగా ఉన్నదని ప్రభుత్వమే ఒప్పుకున్నది. ఒక పదం ఏ అర్థంలో వాడినారన్న దాని మీద ఒక దేశపు అడవి సంపద, మరొక దేశపు కర్మాగారం ఆధారపడినవి. పదాలకు అర్థనిర్ణయం పండితుల కాలక్షేపమని చులకన చేసేవారు ఈ వ్యాజ్యాన్ని గుర్తు పెట్టుకోవచ్చును.

నలుపు మీద మోజు

చట్టం చేయలేనిది ఒకటి ఉన్నది. అది కొనేవారి మనసు మార్చడం. ఎబొనీ అంటే నిండు నలుపు ఉండాలని అందరి అభిప్రాయం. మధ్య ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో ఒక ఎబొనీ కోత కర్మాగారాన్ని టేలర్ అనే అమెరికా గిటారు కంపెనీ భాగస్వామితో కలిసి 2011లో కొన్నది. చెట్టు నిలబడి ఉండగా లోపలి చేవ రంగు ఎవరికీ తెలియదని, నరికిన తరువాత నిండు నలుపు లేని చెట్లను అడవిలోనే వదలివేస్తున్నారని అప్పుడు తెలిసినది. దానితో ఆ కంపెనీ చారలున్న ఎబొనీని కూడ తన ఖరీదైన గిటార్లకు వాడ నిశ్చయించినది. గోధుమచారలున్న పలక మీద స్వరం తక్కువగా పలకదు. లోటు మన కంటిలో ఉన్నది గాని కర్రలో లేదు. ఆ లోటు తీర్చడానికి ఎన్నో చెట్లు నేలకూలినవి.

మన కొండల మాట

ఇది పరదేశపు కథ అని పాఠకులు భావింపరాదు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలుగొండ ప్రాంతాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా విస్తారంగా సహజంగా పెరగని ఎర్రచందనం కూడ వాద్యానికి వాడే కర్రయే. జపానులో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉన్నది. దాని పొడవైన మెడకు ఎర్రచందనాన్ని ఉత్తమంగా భావిస్తారు; అక్కడ దాని పేరు కోకి. అలలు అలలుగా నారపోగులున్న కర్రకు ప్రత్యేకమైన గిరాకీ. ఆ గిరాకీ, దానికంటె మించిన ఇతర దేశాల గృహోపకరణాల గిరాకీ కలిసి మన కొండలకు దొంగలను రప్పించినవి. 1995 నుంచి ఎర్రచందనం సైటీస్ రెండవ అనుబంధంలో ఉన్నది. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి సైటీస్ జాతులకు అందులో స్థానం కల్పించినారు. అయినా దుంగలు మరొక వస్తువుల చాటున ఓడరేవులకు చేరుతూనే ఉన్నవి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు పట్టిన గతి మన చెట్టుకు పట్టకూడదంటే, పెట్టె తెరిచిన అధికారికి అందులోని కర్ర ఏదో తెలియవలె.

గుర్తింపు విద్య అధికారులకూ శాస్త్రజ్ఞులకూ మాత్రమే సంబంధించినదని ఉపాధ్యాయ మిత్రులు అనుకోనక్కరలేదు. ఒక భూతద్దం, ఒక బ్లేడు, ఊరి వడ్రంగి విడిచిన ముక్కలు ఉంటే పాఠశాలలోనే దారు సంగ్రహాలయం మొదలవుతుంది. టేకు, వేప, తుమ్మ, మామిడి, పనస ముక్కల అడ్డకోతలను ఉపాధ్యాయుడు స్వయంగా చెక్కి, పిల్లల చేత చూపించి, చూసినది బొమ్మగా గీయించవచ్చును. ప్రతి ముక్క క్రింద ఊళ్లో వాడే పేరు, పొరుగు ఊరి పేరు, శాస్త్రనామం మూడూ వ్రాయించవచ్చును. వృక్షశాస్త్రం, భాషాశాస్త్రం ఒకే పలక మీద కలుస్తాయి. వడ్రంగులను పిలిచి అడిగితే పుస్తకాలలో లేని చెట్ల పేర్లు కూడ దొరుకుతాయి. ఆ పేర్లు తెలిసిన తరం తరిగిపోతున్నది. పేరు మరచిన చెట్టు పోయినా పోయినట్లు ఎవరికీ తెలియదు. పేరు తెలిసిన చెట్టు కోసం అడిగేవారు ఒక్కరైనా మిగులుతారు.